ఇంగ్లిష్‌లో గోలకు ఎన్ని పేర్లు: డిన్ నుంచి ఔట్‌క్రై దాకా

ఒక ప్రభుత్వ నిర్ణయం వెలువడుతుంది. జనానికి నచ్చదు. మర్నాడు ఒక ఇంగ్లిష్ పత్రిక దాన్ని ‘పబ్లిక్ ఔట్‌క్రై’ అంటుంది, ఇంకొకటి ‘ఫ్యూరోర్’ అంటుంది, మూడోది ‘హ్యూ అండ్ క్రై’ అని తేల్చేస్తుంది. నిఘంటువు తీస్తే మూడింటికీ దాదాపు ఒకే అర్థం కనిపిస్తుంది: గోల, అల్లరి, కలకలం. అయినా ఈ మూడు శీర్షికలు ఒకే సంగతి చెప్పడం లేదు. మొదటిది జనం కోపానికి కారణం ఉందని ఒప్పుకుంటోంది. రెండోది పెద్ద దుమారం రేగిందని చెప్పి పక్కకు తప్పుకుంటోంది. మూడోది ఇంత రాద్ధాంతం దేనికని విసుక్కుంటోంది.

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో గోలను సూచించే మాటలు చప్పుడు ఎంత పెద్దదన్న లెక్కతో విడిపోలేదు. ఎవరు చేస్తున్నారు, ఏదైనా అడుగుతున్నారా, రాసేవారికి ఆ గోల మీద గౌరవం ఉందా లేదా అన్న మూడు ప్రశ్నల దగ్గర విడిపోయాయి. వీటిలో కొన్ని ఒకప్పుడు చట్టంలో పనిచేసిన మాటలు, కొన్ని ఊళ్ల పేర్లు. ఇప్పుడు వార్తల్లో ఎక్కువగా కనబడేవాటికి అసలు చప్పుడుతోనే పని లేదు.

చెవికి వినబడేవి

నిజంగా చెవిలో పడే మోతకు ఇంగ్లిష్‌లో ముందుగా గుర్తొచ్చే మాట ‘డిన్’. ఆగకుండా సాగుతూ, పక్కవాడి మాట వినబడనివ్వని మోత ఇది. యంత్రాలు చేసినా డిన్నే, మనుషులు చేసినా డిన్నే. అందులో కోపం ఉండనక్కర్లేదు. సభలో సభ్యులందరూ ఒకేసారి అరుస్తుంటే ఆ డిన్ మధ్యనే బిల్లు పాసైందని విలేకరులు రాస్తారు. అక్కడ ఆ మాట ఎవరి పక్షమూ తీసుకోదు, ఎవరేమన్నారో వినబడలేదని మాత్రమే చెబుతుంది. పాత ఇంగ్లిష్‌లో ‘డ్యున్’గా ఉన్న ఈ మాటకూ సంస్కృతం నుంచి మనకు వచ్చిన ‘ధ్వని’కీ మూలధాతువు ఒకటేనని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. సంస్కృతంలో అది కావ్యశాస్త్రం దాకా ఎదిగింది, ఇంగ్లిష్‌లో తలనొప్పిగా మిగిలింది.

‘నాయిస్’ కథ వేరు. ఇప్పుడది అన్ని చప్పుళ్లకూ వాడే మామూలు మాట. పాత ఫ్రెంచ్‌లో మాత్రం దానికి తగవు, రభస అనే అర్థాలుండేవి. దాని వెనక లాటిన్ ‘నాసియా’, అంటే ఓడ ప్రయాణంలో వచ్చే కడుపు తిప్పు, ఉందని చాలామంది పదచరిత్రకారుల అభిప్రాయం. ‘రాకెట్’ అంటే చిరాకు పుట్టించే చప్పుడు. పక్క వాటాలో అర్ధరాత్రి బల్లలు జరుపుతుంటే అది రాకెట్. టెన్నిస్ ఆడేదీ, దొంగ దందాకు వాడేదీ ఇవే అక్షరాలు కావడంతో శీర్షికల్లో ఈ మాట తరచూ తికమక పెడుతుంది. ‘హబ్‌బబ్’ వీటికన్నా మెత్తనిది. చాలామంది ఒకేసారి మాట్లాడుకుంటుంటే దూరం నుంచి వినబడే కలగాపులగపు చప్పుడు. ఐరిష్ లేదా స్కాటిష్ గేలిక్ భాషల నుంచి వచ్చి ఉంటుందంటారు. సందడి అనే తెలుగు మాటకు బాగా దగ్గరగా ఉండేది ఇదే.

ఈ వరసలో ఏ మాటా ఇన్ని డెసిబెల్స్ అని చెప్పదు. డిన్ కన్నా అప్‌రోర్ పెద్దదా అని అడిగితే జవాబు లేదు. ఒకటి చెవి గురించి చెప్పే మాట, రెండోది జనం గురించి చెప్పే మాట. నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చిన్న గోల, పెద్ద గోల, ఇంకా పెద్ద గోల అని నిచ్చెన కట్టి ఈ మాటల్ని గుర్తుపెట్టుకోవాలని చూస్తారు. అలాంటి నిచ్చెన లేదు.

ఊళ్ల పేర్లు గోలగా మారిన తీరు

అదుపు పూర్తిగా తప్పిన స్థితికి ఇంగ్లిష్ వాడే మూడు మాటలు నిజానికి స్థలాల పేర్లు. ‘ప్యాండెమోనియం’ను 1667లో వెలువడిన ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యం కోసం ఇంగ్లిష్ కవి మిల్టన్ తయారు చేశాడు. గ్రీకులో ‘పాన్’ అంటే అన్నీ, ‘డైమోన్’ అంటే భూతం. సైతాను నరకంలో కట్టుకున్న రాజధానికి పెట్టిన పేరది. తమాషా ఏమిటంటే, కావ్యంలో ఆ భవనంలో జరిగేది అల్లరి కాదు, పద్ధతిగా సాగే చర్చ. గందరగోళం అనే అర్థం చాలాకాలం తర్వాత, 19వ శతాబ్దంలో స్థిరపడింది.

‘బెడ్‌లమ్’ అంటే బెత్లెహెమ్. 1247లో లండన్‌లో ఆ పేరుతో ఒక మఠం వెలిసింది. తర్వాతి కాలంలో అది మానసిక రోగులను ఉంచే ఆసుపత్రి అయింది. జనం నోట్లో పేరు నలిగి బెడ్‌లమ్‌గా మిగిలింది. 17, 18 శతాబ్దాల్లో రోగులను చూడటానికి జనం వినోదయాత్రకు వెళ్లినట్టు వెళ్లేవారు. అక్కడి కేకల నుంచే ఈ మాటకు ‘పిచ్చి గోల’ అన్న అర్థం అంటుకుంది. ఆ ఆసుపత్రి స్థలాలు మారి, దక్షిణ లండన్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. రోగుల బాధలోంచి పుట్టిన మాట కాబట్టి, మానసిక ఆరోగ్యం గురించిన వార్తల్లో దీన్ని వాడకపోవడమే మర్యాద. మూడోది ‘బేబెల్’, బైబిల్‌లో మనుషుల భాషలు తారుమారైన గోపురం. అందుకే అది ఒకరి మాట ఒకరికి అర్థంకాని గొంతుల గోలకే సరిపోతుంది, ఒట్టి మోతకు కుదరదు.

అప్‌రోర్‌లో రోర్ లేదు

‘అప్‌రోర్’ వినగానే పైకెగసిన గర్జన అనిపిస్తుంది. ఆ మాట పుట్టుకతో గర్జనకు సంబంధం లేదు. డచ్‌లో ‘ఓప్‌రూర్’ అంటే తిరుగుబాటు. ‘ఓప్’ అంటే పైకి, ‘రూర్’ అంటే కదలిక. జర్మన్‌లో ఇదే మాట ‘ఔఫ్‌రూర్’. 16వ శతాబ్దం తొలి సగంలో బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చినవారి ద్వారా ఈ మాట వ్యాపించింది. వారి వాడుకలో దాని అర్థం చప్పుడు కాదు, అల్లర్లు, తిరుగుబాటు. వినేవారి చెవిలో రెండో సగం గర్జనలా మోగింది కాబట్టి క్రమంగా అర్థం కూడా చప్పుడు వైపు జరిగింది.

‘అవుట్‌రేజ్’ కూడా ఇలాగే మోసం చేస్తుంది. అవుట్ ప్లస్ రేజ్, బయటపడిన కోపం అనిపిస్తుంది. కానీ అది లాటిన్ ‘అల్ట్రా’ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మాట. హద్దు దాటడం అని దాని మొదటి అర్థం. అందుకే దారుణమైన చర్యనూ అవుట్‌రేజ్ అంటారు, దాని మీద రగిలే కోపాన్నీ అవుట్‌రేజ్ అంటారు. ఒకే వాక్యంలో ఏది ఏదో పట్టుకోవాలంటే చుట్టూ ఉన్న మాటలు చూడాల్సిందే. ‘ఔట్‌క్రై’ ఒక్కటే పైకి కనబడుతున్నట్టే ఉంటుంది. అవుట్, క్రై. బయటికి పెట్టిన కేక.

అప్‌రోర్‌లో ఆ పాత తిరుగుబాటు వాసన ఇంకా పోలేదు. సభ అప్‌రోర్‌లో మునిగిందంటే అక్కడ కట్టుబాటు తెగిందని అర్థం. బజారులో హబ్‌బబ్ ఉండొచ్చు. అక్కడ అప్‌రోర్ ఉందంటే మాత్రం ఏదో జరిగి ఉండాలి.

హ్యూ అండ్ క్రై: కేక వేయడం బాధ్యతగా ఉన్న రోజులు

ఈ మాటలన్నింటిలో బాగా దిగజారింది ‘హ్యూ అండ్ క్రై’. ఇప్పుడు ‘హ్యూ అండ్ క్రై చేశారు’ అంటే అనవసరంగా గగ్గోలు పెట్టారని. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో అది శాంతిభద్రతల వ్యవస్థకే పునాది. నార్మన్ ఫ్రెంచ్‌లో ‘హు ఎ క్రి’. వేటలోనో యుద్ధంలోనో వేసే కేక ‘హు’.

పోలీసులంటూ లేని కాలం అది. దొంగతనమో హత్యో జరిగితే బాధితుడు గాని చూసినవాడు గాని గట్టిగా కేక పెట్టాలి. అది విన్న ప్రతివాడూ చేతిలో పని వదిలి దొంగ వెంటపడాలి. వాడు పొలిమేర దాటితే కేక పక్క ఊరికి అందాలి, అక్కడివారు అందుకోవాలి. రాజు మొదటి ఎడ్వర్డ్ 1285లో తెచ్చిన వించెస్టర్ శాసనం ఈ ఆచారాన్ని గట్టి చట్టం చేసింది. ‘హండ్రెడ్’ అనే పాలనా విభాగంలో దోపిడీ జరిగి దొంగ దొరక్కపోతే, నష్టాన్ని ఆ విభాగంలోని జనమంతా కలిసి కట్టాలి. కేక విని కదలనివాడికీ శిక్షే, కారణం లేకుండా కేక పెట్టినవాడికీ శిక్షే. అంటే చప్పుడు చేయడం ఒక ఫిర్యాదు, ఒక సమన్లు, ఒక అరెస్టు వారెంటు, మూడూ కలిసిన పని.

18వ శతాబ్దంలో ఈ పేరు కాగితం మీదికెక్కింది. పారిపోయిన నేరస్థుల ఆనవాళ్లు ప్రచురించే పోలీసు పత్రిక శీర్షికలో హ్యూ అండ్ క్రై ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో పాత శాసనాలు రద్దయ్యాయి, 1829లో లండన్‌కు జీతం తీసుకునే పోలీసు దళం వచ్చింది. దాంతో జనం కేకకు చట్టంలో పని పోయింది. పని పోయాక మాటకు మిగిలింది మోత మాత్రమే. పట్టుకోవాల్సిన దొంగ లేడు, పరుగెత్తాల్సిన బాధ్యత లేదు, కేక ఉంది. ఇప్పుడు ఆ మాటలో వినబడే ఎకసెక్కానికి కారణం అదే కావచ్చు.

ఇలాంటి ఆచారం ఒకటి ఇంకా చావలేదు. ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ, గెర్న్‌సీ దీవుల్లో ‘క్లామర్ డ హారో’ అనే నార్మన్ పద్ధతి చట్టంలో నిలిచి ఉంది. తన ఆస్తికి అన్యాయం జరుగుతోందనుకున్నవాడు సాక్షుల ఎదుట మోకరిల్లి ‘హారో’ అని మూడుసార్లు కేక పెట్టి, తనకు అన్యాయం జరుగుతోందని ఫ్రెంచ్‌లో రాజుకు మొరపెట్టుకోవాలి. కోర్టు తేల్చేదాకా ఎదుటివాడు పని ఆపాలి. ఇక్కడ కేకే స్టే ఆర్డర్.

క్లామర్ అన్న మాట మూలంలోనే ఈ అడగడం ఉంది. లాటిన్‌లో ‘క్లామారె’ అంటే ఎలుగెత్తి అరవడం. క్లెయిమ్, ప్రొక్లెయిమ్, ఎక్స్‌క్లెయిమ్ అన్నీ అక్కడివే. హక్కు అడగడమూ అరవడమూ ఒకే ఇంట పుట్టాయన్నమాట. రాజకీయాల్లో రోజూ వినబడే ‘స్లోగన్’ కూడా స్కాటిష్ గేలిక్‌లో సైన్యం పెట్టే కేకే.

చప్పుడు లేక డబ్బు పోయిన కేసులు

గోలకూ గోలకూ తేడా ఏముందిలే అనుకునేవారు ఇన్సూరెన్స్ పాలసీలు చూడాలి. అక్కడ ‘రయట్’ (అల్లర్లు), ‘సివిల్ కమోషన్’ అన్న మాటలకు విడివిడిగా విలువ ఉంది. కమోషన్ లాటిన్ నుంచి వచ్చింది, కలిసి కదలడం అని మూలార్థం. మామూలు వాడుకలో ఇది చాలా తేలికైన మాట. వీధి చివర ఏదో కమోషన్ అంటే జనం గుమిగూడారని అంతే. ముందు ‘సివిల్’ చేరితే బరువు మారిపోతుంది. అల్లర్లకూ అంతర్యుద్ధానికీ మధ్యనున్న దశ అని 1940లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వలసల అప్పీళ్లు వినే లండన్‌లోని పై న్యాయస్థానం, ఒక తీర్పులో వివరించింది.

1912 మార్చిలో ఓటుహక్కు కోసం పోరాడుతున్న మహిళలు లండన్ నడిబొడ్డున దుకాణాల అద్దాలు పగలగొట్టారు. అద్దాల బీమా పాలసీలో సివిల్ కమోషన్ వల్ల జరిగే నష్టానికి పరిహారం ఉంది. 1913లో కోర్టు ఆ క్లెయిమ్‌ను ఒప్పుకోలేదు. మహిళలు విడివిడిగా, నిశ్శబ్దంగా వచ్చి తమ పని చేసుకుపోయారు. గుంపుల కల్లోలం లేదు కాబట్టి అది కమోషన్ కాదు. నష్టం ఎంతన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

గుంపు చేసే కల్లోలానికి వాడే ‘ట్యూమల్ట్’కూ ఇలాంటి పరీక్షే ఎదురైంది. అల్లరిమూకలు ‘ట్యుమల్చుయస్’గా ఆస్తి ధ్వంసం చేస్తే పోలీసు నిధి నుంచి నష్టపరిహారం ఇవ్వాలని 1886 నాటి బ్రిటిష్ చట్టం చెప్పేది. నలుగురు దొంగలు ఒక నగల దుకాణం మీద పడి దోచుకుపోతే, యజమాని ఆ చట్టం కింద పరిహారం అడిగాడు. 1967లో కోర్టు కాదంది. దోపిడీ నిజమే, కానీ పోలీసుల చెవిన పడి వారిని అప్రమత్తం చేసేంత గోల అక్కడ లేదని. జనం చేసే చప్పుడు పోలీసులకు హెచ్చరిక, ఆ హెచ్చరిక అందినా ఆపలేకపోతే ప్రజాధనం నుంచి కట్టాలి, అదీ తర్కం. 1285 నాటి కేక చట్టం దాని వెనక తొంగిచూస్తూనే ఉంది. 1886 చట్టం స్థానంలో 2016లో కొత్త చట్టం వచ్చింది.

‘రయట్’కు తలల లెక్క కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 1715లో అమల్లోకి వచ్చిన రయట్ చట్టం పన్నెండు మందిని కొలతగా పెట్టుకుంది. మెజిస్ట్రేటు ప్రకటన చదివాక గంటలోపు చెదిరిపోకపోతే ఘోర నేరం. గట్టిగా మందలించడాన్ని ‘రయట్ యాక్ట్ చదవడం’ అనడం అక్కడి నుంచే వచ్చింది. 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టంలోనూ పన్నెండు మంది లెక్కే ఉంది.

నోరు విప్పని కేక

ఇప్పటి వార్తల్లో ఔట్‌క్రై అంటే వీధిలో ఎవరైనా అరిచారని కాదు. పిటిషన్లు, ప్రకటనలు, పోస్టులు, సంపాదకుడికి ఉత్తరాలు, ఇవన్నీ కలిపి ఔట్‌క్రై. అక్షరాలా కేక అన్న అర్థం ఒక్కచోట చాలాకాలం బతికింది: ‘ఓపెన్ ఔట్‌క్రై’, అంటే ఎక్స్‌చేంజ్ ఫ్లోర్ మీద అరుస్తూ, చేతులతో సైగలు చేస్తూ బేరాలాడే పద్ధతి. షికాగో, న్యూయార్క్‌లలో ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) బేరాలు సాగే పిట్‌లలో చాలావాటిని 2015లో మూసేశారు. కేకలు లేని కంప్యూటర్లు ఆ పని అందుకున్నాయి.

చప్పుడు పోయాక ఈ మాటల మధ్య తేడా చూపేవి వాటి వెంట వచ్చే చిన్న చిన్న మాటలే. క్లామర్ వెంట ‘ఫర్’ వస్తుంది: ఏదో కావాలని అడుగుతున్నారు. ఔట్‌క్రై వెంట ‘ఎగెనెస్ట్’ లేదా ‘ఓవర్’ వస్తుంది: ఏదో వద్దంటున్నారు. ఫ్యూరోర్, అప్‌రోర్ వెంట ‘ఓవర్’ ఉంటుంది: ఒక విషయం చుట్టూ తిరుగుతున్నారు, కోరిక ఏమిటో తెలియదు. ప్యాండెమోనియం వెంట ఏమీ రాదు, దానికి ముందు ‘ఎ’ కూడా మామూలుగా పెట్టరు. దానికి కారణం ఉండొచ్చు గాని గమ్యం ఉండదు. ఏ మాట వాడాలో తెలియనప్పుడు జనం ఏదైనా అడుగుతున్నారా అని చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగం గౌరవం. ఔట్‌క్రై అన్నవారు ఆ కోపాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఫ్యూరోర్‌లో తీవ్రత ఉంది, తీర్పు లేదు. లాటిన్‌లో అది ఉన్మాదం, ఇటాలియన్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో కళాకారుల మీద జనానికి పట్టే వెర్రి అభిమానం, తర్వాతే వివాదం. అనవసరపు హడావిడికి వాడే ‘బ్రూహాహా’, ‘హల్లబలూ’, ‘కర్‌ఫఫుల్’ మూడూ మాట మోతలోనే ఎగతాళి దాచుకున్నవి. పాత ఫ్రెంచ్ నాటకాల్లో దయ్యం వేషగాడు వేసే కేక నుంచి బ్రూహాహా వచ్చిందని ఒక వాదన ఉంది. ఒక ఉద్యమాన్ని బ్రూహాహా అన్న పత్రిక ఇక వేరే సంపాదకీయం రాయనక్కర్లేదు.

‘బ్యాక్‌లాష్’ ఈ జాబితాలోకి ఆలస్యంగా వచ్చింది. యంత్రాల్లో పళ్లచక్రాల మధ్య ఉండే వదులు వల్ల కలిగే ఎదురు కుదుపు దాని అసలు అర్థం. కాబట్టి ముందు ఒక మార్పు జరిగి ఉండాలి, దానికి ఎదురుదెబ్బే బ్యాక్‌లాష్. ఊరికే వచ్చిన కోపానికి ఇది సరిపోదు.

వార్తల్లో ఈ నామవాచకాలకు ఇంత గిరాకీ ఎందుకంటే ఇవి రాసేవారికి ఒక బరువు దించుతాయి. ‘నిర్ణయం ఔట్‌క్రైకి దారితీసింది’ అన్న వాక్యంలో అరిచిందెవరు, ఎంతమంది, ఏ పక్షంవారు అన్నదేమీ లేదు. పదిమంది పోస్టులు పెట్టినా ఔట్‌క్రై, పది లక్షలమంది రోడ్డెక్కినా ఔట్‌క్రై. మాట చదవగానే బుర్రలో పెద్ద జనసమూహం కనబడుతుంది. చప్పుడు చెవికి వినబడే రోజుల్లో ఆ పరిమాణాన్ని ఎవరైనా సరిచూసుకోగలిగేవారు. ఇప్పుడు వార్తలో అంకె ఇవ్వకపోతే సరిచూసుకునే దారి లేదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఫ్యూరోర్‌కు ‘దుమారం’ బాగా నప్పుతుంది, రెండూ రేగేవే, చల్లారేవే. నేటి అర్థంలో హ్యూ అండ్ క్రైకి ‘గగ్గోలు’, బ్రూహాహాకు ‘రాద్ధాంతం’ సరిపోతాయి. రాద్ధాంతం కూడా దిగజారిన మాటే, సంస్కృతంలో దానికి సిద్ధాంతం అని అర్థం. సభలోని అప్‌రోర్‌కు ‘రభస’ చాలు. ఔట్‌క్రైకి ‘హాహాకారాలు’ రాస్తే మాత్రం దెబ్బతింటుంది, ఎందుకంటే హాహాకారాల్లో భయం, దుఃఖం ఉన్నాయి గాని ప్రశ్నించడం లేదు. ‘నిరసన వెల్లువెత్తింది’, ‘జనం మండిపడ్డారు’ అన్నవి దగ్గరగా ఉంటాయి. ‘కలకలం’ ఇంకా జారుడు మాట. పేరులో చప్పుడున్నా పత్రికల వాడుకలో అది ఉలికిపాటు, ఇంగ్లిష్ ‘స్టర్’కు సమానం. కోపం ఉండి తీరాలన్న నియమం లేదు.

బ్రిటిష్, అమెరికన్ వాడుకల తేడా కూడా కొంత ఉంది. ఫ్యూరోర్‌ను బ్రిటన్‌లో చివర ‘ఇ’ అక్షరంతో రాసి, చాలామంది ‘ఫ్యురోరి’ అని పలుకుతారు. అమెరికాలో ఆ ‘ఇ’ రాయరు, పలకరు. గలాటా అనే అర్థమున్న ‘రకస్’ అమెరికాలో పుట్టిన మాట, కర్‌ఫఫుల్ స్కాట్లండ్‌ది. బ్రిటిష్ పత్రికలకు బాగా ఇష్టమైంది మూడక్షరాల ‘రౌ’. వరుస అనే అర్థమున్న ‘రో’కూ దీనికీ స్పెల్లింగ్ ఒకటే, ఉచ్చారణ వేరు. శీర్షికలో తక్కువ చోటు పడుతుంది కాబట్టి, ఇద్దరు మంత్రుల మాట పట్టింపు నుంచి రెండు దేశాల తగాదా దాకా అన్నింటికీ అక్కడ అదే మాట సర్దేస్తారు.